గంట ముందా, బల్ల ముందా

మా అపామ్ చేపల రేవులో ఒక మాట పుట్టిందంటే, పడవను ఇసుక మీదికి లాగేలోపల అది కోట గుట్ట ఎక్కి దిగి, మళ్ళీ పుట్టినచోటికే కొత్త బట్టలు కట్టుకుని వస్తుంది. అరబా మీద పుట్టిన మాట కూడా అలాగే తిరిగింది. హెర్రింగు చేప విరగబడి దొరికే రోజుల్లో ఆడవాళ్ళ సంఘం కోల్డురూము గోడకున్న పెట్టెను ఆ పిల్ల పట్టపగలు ఊడదీసి చంకన పెట్టుకుపోయిందట. చేపలమ్మే ఆడవాళ్ళందరికీ పెద్ద, చేపల రాణి, అందరూ గౌరవంగా నానా అనే క్వాన్సిమాతో మాటా మాటా పెరిగి, ఆ కసి కొద్దీ చేసిందట. గదిలో తలుపేసుకుని రోజంతా ఆ పెట్టెను ఆర్పుతూ వెలిగిస్తూ, దానితో మాట్లాడుతోందట. అది మంచి విద్య కాదట.

ఇందులో పెట్టె ఊడదీయడం నిజం. ఆర్పడం, వెలిగించడం నిజం. దానితో మాట్లాడిన మాటా నిజమే, అబద్ధం ఎందుకు. మిగిలిన కసీ, విద్యా మాత్రం ఆకుల్లో చుట్టిన మొక్కజొన్న కెంకే ఉడికేదాకా ఊసుపోక అల్లినవి. జరిగింది జరిగినట్టు ఒకరు చెప్పకపోతే పిల్ల పేరు పాడవుతుంది.

మాలో పుట్టిన వారాన్ని బట్టే పేరు పెడతారు, మంగళవారం పుట్టింది కాబట్టి అరబా. తండ్రి కోబినా ఎజిర్ పడవ మోటార్లు బాగుచేసేవాడు. మోటారు తాడు లాగగానే లేచిందా, రెండో లాగుడుకు లేచిందా అని పక్కన కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టడం ఆ పిల్లకు చిన్నప్పటి ఆట. తరవాత కుమాసిలో చదివింది, అక్రాలో ఆరేళ్ళు పనిచేసింది. ఇక్కడే కూర్చుని కూడా ఆ పని చేయొచ్చని తేలాక ఊరికి తిరిగొచ్చి, వలల దుకాణం మీది గది అద్దెకు తీసుకుంది. ఇంటావిడ ఆంటీ ఎఫిబా. అద్దెకు వచ్చినవాళ్ళు ఏం తింటారో, ఎవరికి ఫోను చేస్తారో, ఏం చేసి బతుకుతారో తెలియకపోతే ఆంటీ ఎఫిబాకు తిన్నది అరగదు.

"కంప్యూటర్లు బాగుచేస్తావా?" అని అడిగింది మొదటిరోజే, మెట్ల మీద పీట వేసుకుని.

"కాదాంటీ."

"ఫోన్లలో బొమ్మలు పెడతావా?"

"అదీ కాదు. ప్రతి కంప్యూటరులో ఒక పెద్దదిక్కు ఉంటుంది. దాన్ని కెర్నల్ అంటాం. కరెంటు రాగానే ముందు అది లేస్తుంది. లేచి ఇంట్లో ఉన్నవాళ్ళను ఒక్కొక్కళ్ళనే పిలుస్తుంది. వేడి కొలిచేదానా, ఉన్నావా? మోటారు స్విచ్చీ, ఉన్నావా? అని. పిలిచినప్పుడు అది లేచి ఏ పని ముందు చేయాలి, ఏది తరవాత చేయాలి అని ఎవరో ఒకరు రాసిపెట్టాలి. అది నేను రాస్తాను."

"పిలిస్తే పలకడం రాస్తావు. అదీ ఉద్యోగమే! జీతం కూడా ఇస్తారు కాబోలు."

"ఇస్తారు."

"మరి మా ఆయనకూ ఒకటి రాసిపెట్టు తల్లీ. ముప్ఫయ్యేళ్ళుగా పిలుస్తున్నాను, మొదటి పిలుపుకు లేచిన పాపాన పోలేదు."

సంఘం కోల్డురూముకు పెట్టె కావలసివచ్చింది కూడా ఇలాంటి గొడవ మీదే. మా కరెంటు సంగతి తెలిసిందేగా. పోయి గంటకు వస్తే ఒక బాధ. పోయి, కన్ను మూసి తెరిచేలోపల వచ్చి, మళ్ళీ పోతే అది ఇంకో బాధ. పోయిన ప్రతిసారీ కంప్రెసరు ఆగిపోయేది. ఎవరో ఒకరు పరుగెత్తి స్విచ్చి నొక్కాలి. కరెంటు రాగానే దానంతట అదే లేచి, లోపలి వేడి చూసి, కంప్రెసరును నడిపించే పెట్టె కావాలని నానా క్వాన్సిమా అడిగింది. అరబా చేసిచ్చింది. మూడు నెలలు బంగారంలా నడిచింది.

జులై మొదటి వారంలో ఒకరోజు కరెంటు ముమ్మారు కన్నుకొట్టింది. పెట్టె లేవలేదు. అరబా పరుగున వెళ్ళి, పూర్తిగా ఆపి, కాసేపాగి మళ్ళీ వేస్తే లేచింది. గదికి తెచ్చి చూస్తే ఎన్నిసార్లు వేసినా చక్కగా లేస్తోంది. జబ్బు చూపిద్దామని వైద్యుడి దగ్గరకు వెళితే నొప్పి మాయమైనట్టుంది. అక్రాలో తనతో పనిచేసిన క్వామెనాకు ఫోను చేసింది.

"లోపల ఏదో ఇంకా సర్దుకోకముందే లేపుతున్నావు," అన్నాడు క్వామెనా. "ఐదు సెకండ్లు ఊరికే ఆగి అప్పుడు లేవమని రాయి. తీరిపోతుంది."

"ఏది సర్దుకోలేదో తెలియాలిగా?"

"తెలుసుకుంటూ కూర్చో. నువ్వు తెలుసుకునేదాకా చేప ఆగుతుందా?"

ఆ మాట విని అరబా ఐదు సెకండ్లు ఆగమని రాసింది. మనసు ఒప్పలేదు, చెయ్యి రాసేసింది. పదకొండుసార్లు ఆపి వేసి చూసింది, పదకొండుసార్లూ లేచింది. పెట్టె గోడకు పెట్టి, "అయిపోయింది నానా, ఇంక ఇబ్బంది ఉండదు," అని చెప్పి వచ్చింది.

తరవాతి ఆదివారం. ఊరంతా చర్చిలో ఉంది. కోల్డురూము నిండా శనివారం దిగిన చేప. కరెంటు పోయి వచ్చింది. ఎంతసేపు పోయిందో ఎవరికీ తెలియదు, పాటల మధ్యలో ఫ్యాన్లు ఒక్క తూలు తూలాయంతే. సోమవారం పొద్దున తలుపు తీసేసరికి వాసన రేవుదాకా కొట్టింది. నలభై బేసిన్ల చేప. నానా క్వాన్సిమా తలగుడ్డ కొంగుతో ముక్కు మూసుకుని, గోడకేసి చూసి ఒక్క మాటే అంది.

"నీ పెట్టె పడుకుంది అమ్మాయ్."

పక్కనున్న ఆడవాళ్ళు అంత మర్యాదగా అనలేదు. "చదువుకున్న పెట్టె కదా, ఆదివారం సెలవు పుచ్చుకుంది," అంది ఒకావిడ. "మా కోడలు నయం, తిడితేనన్నా లేస్తుంది," అంది ఇంకొకావిడ.

అయినా నానా క్వాన్సిమా ఒడుపు తెలిసిన మనిషి. చేప ఇంకా వచ్చే రోజులు. "మళ్ళీ వేసి చూడు. కాపలా పెడతాను. నడిచినన్నాళ్ళు నడుస్తుంది," అంది.

అప్పుడే అరబా స్క్రూడ్రైవరు తీసింది. నాలుగు మరలూ విప్పి, పెట్టె చేతిలోకి తీసుకుని, తీగలు పాత చేతి స్విచ్చికి కలిపింది.

"దీన్ని నమ్మి చేప పెట్టకండి నానా. చేత్తోనే వేసుకోండి."

"నడుస్తుందన్నది నువ్వే, వద్దంటున్నదీ నువ్వే! అడిగినప్పుడు ఇవ్వనంటావేమే?"

"ఇవ్వను."

"ఎన్నాళ్ళు?"

"రేపటి మంగళవారం వదిలేసి, దాని తరవాతి రెండో మంగళవారం."

"అప్పటికీ లేవకపోతే?"

"అప్పుడు మీరు ఏమంటే అది."

"ఏమంటామా? పెట్టె వద్దంటాం. నువ్వు కాదు, ఇంకెవరు తెచ్చినా వద్దంటాం. మళ్ళీ గోడ ఎక్కనివ్వం. విన్నావా?"

విన్నట్టు తల ఊపి పెట్టెతో వెళ్ళిపోయింది. చూసినవాళ్ళకు అది పొగరులా కనబడింది, పుకారు అక్కడ పుట్టింది. తప్పు తనదేనేమోనని, వెంటనే దాన్ని విప్పి చూడాలని పోతోందని ఎవరికి తెలుసు?

గదికొచ్చి బల్ల మీద పెట్టె విప్పుకుని కూర్చుంది. ముందు జబ్బును రప్పించాలి. జబ్బు కంటికి కనబడకుండా మందు వేయడం ఒకసారి చేసింది, దాని ఫలితం వాసన చూసింది. మూడు రోజులు ఆపడం, వేయడం, ఆపడం, వేయడం. ప్రతిసారీ లేచింది. "లేవకే, ఒక్కసారి లేవకుండా ఉండవే, నీకు పుణ్యముంటుంది," అని దాన్ని బతిమాలుకుంది. మెట్ల మీద కూర్చున్న ఎఫిబా విన్నది ఈ మాటే. విన్నాక లోపలికి రాకుండా ఉండడం ఆవిడ వల్ల కాలేదు.

"బాగుచేస్తానని తెచ్చి, చెడిపొమ్మని మొక్కుతున్నావేమిటే?"

అరబా జవాబు చెప్పబోయింది. అప్పుడే కరెంటు కన్నుకొట్టింది. కింద ఎఫిబా రేడియో ఒక్క అక్షరం మింగి, పాట అందుకుని సాగిపోయింది. దాని ఎర్రదీపం మాత్రం సన్నబడిందే గాని పూర్తిగా ఆరలేదు.

అరబా లేచి నిలబడింది. "ఆంటీ, ఆ దీపం ఆరలేదు!"

"ఆరదు. దాని కడుపులో కాస్త కరెంటు దాచుకుంటుందని మా ఆయన అంటాడు."

అక్కడ తాళం ఊడింది. తను ఆపినప్పుడల్లా పూర్తిగా ఆపి, అయిదారు గుక్కల ఊపిరి పీల్చి వేస్తోంది. ఊళ్ళో కరెంటు అలా పోదు. రెప్పపాటు పోయి వస్తుంది. ఆ రెప్పపాటులో పెట్టె పడిపోయి మళ్ళీ మొదటినుంచి లేస్తుంది. వేడి కొలిచే చిన్న ముక్క మాత్రం కడుపులో దాచుకున్నదానితో మెలకువగానే ఉంటుంది.

ఈసారి తీగను లాగీ లాగనట్టు లాగింది. ఎఫిబా ఒళ్ళో వేరుశెనగకాయలు పోసుకుని, లాగిన ప్రతిసారికీ ఒకటి పక్కకు వేసింది. పదిహేడో కాయ దగ్గర పచ్చదీపం వెలగలేదు.

"చచ్చింది! ఆంటీ, చచ్చింది!" అని అరబా ఎఫిబాను పట్టుకుని గంతులేసింది. కింద వలలు కొనడానికి వచ్చినవాళ్ళు పైకి చూశారు. మంచి విద్య కాదన్న మాట ఆ పూటే పుట్టి ఉంటుంది.

తరవాత తను రాసినదాన్నే పరాయివాళ్ళది చదివినట్టు ఒక్కొక్క వరుసా చదివింది. తప్పు ఎనిమిదో వరుసలో ఉంది. మూడు నెలల కిందట తన చేత్తో రాసినదే. వేడి కొలిచే ముక్కకు ఒక గంట ఉంటుంది. లోపల వేడి పెరిగితే అది గంట కొడుతుంది, కొట్టగానే కెర్నల్ చేస్తున్న పని వదిలేసి వచ్చి, ఆ కొలతను ఒక బల్ల మీద రాస్తుంది. బల్ల అంటే నిజం బల్ల కాదు, జ్ఞాపకంలో కాస్త చోటు. అరబా ముందు గంట కట్టి, తరవాత బల్ల వేసింది. పూర్తిగా ఆరి లేచినప్పుడు ఆ ముక్క కూడా అప్పుడే లేస్తుంది కనక గంట కొట్టడానికి కాస్త సమయం పడుతుంది, ఈలోపు బల్ల పడుతుంది. రెప్పపాటు కరెంటులో అలా కాదు. అది ముందునుంచే గంట కొడుతూ కూర్చుంది. తాడు కట్టగానే మోగింది. కెర్నల్ రాయడానికి పరుగెత్తింది, అక్కడ బల్ల లేదు. కాలు శూన్యంలో పడి పెట్టె మొత్తం కూలింది.

"పడవ వచ్చిందని కేక వేసి, తరవాత బేసిన్లు కొనడానికి బజారుకు పోయినట్టుంది," అంది ఎఫిబా.

"అంతే ఆంటీ."

"మరి ఐదు సెకండ్లు ఆగమన్నావుగా?"

"ఐదు సెకండ్లు కాదు, ఐదేళ్ళు ఆగినా గంటకంటే ముందు బల్ల రాదు. ఆగడంవల్ల వరుస మారదు." ఆ మాట అంటూ అరబా ముఖం దించుకుంది. పదకొండుసార్లు లేచిందని నమ్మి గోడకు పెట్టింది ఈ చేతులతోనే.

వరుస మార్చింది. ముందు బల్ల. తరవాత ఇద్దరు ఒకేసారి బల్ల మీద రాయకుండా ఒక గొళ్ళెం. అన్నీ సిద్ధమయ్యాక, చిట్టచివర గంట. నలభైసార్లు లాగీ లాగనట్టు లాగారు, నలభైసార్లూ లేచింది. ఎఫిబా కాయలు చేటలోకి ఎత్తేసి, "పద, నానాకు చెబుదాం," అంది. ఫోనులో క్వామెనా కూడా అదే అన్నాడు.

"ఇప్పుడే వద్దు," అంది అరబా.

"ఇంకేం కావాలే?" అంది ఎఫిబా.

"లేస్తూ లేస్తూ మధ్యలో ఆగిపోతే ఏం చేస్తుందో చూడలేదు."

మన గుమ్మం దగ్గరా ఇదే పద్ధతి కదా. బయట ‘అగో’ అంటాం, లోపలినుంచి ‘అమే’ వినబడేదాకా అడుగు పెట్టం. లోపలివాళ్ళు స్నానంలో ఉంటే ‘మళ్ళీ రా’ అంటారు, వెళ్ళి మళ్ళీ వస్తాం. పెట్టెలోనూ అంతే. తనకు కరెంటు సరిచేసి ఇచ్చే ముక్క ఇంకా లేవకపోతే, వేడి కొలిచేది కెర్నల్‌తో ‘ఇప్పుడు కాదు, కాసేపాగి మళ్ళీ పిలువు’ అని వెనక్కి తిరగాలి. తిరిగే ముందు తీసుకున్నవన్నీ అప్పగించాలి. అరబా ఆ కరెంటు ముక్కను కావాలని ఆలస్యంగా లేపింది. ఎనిమిదిసార్లు బాగానే వెనక్కి తిరిగి, రెండో పిలుపుకు లేచింది. తొమ్మిదోసారి కూలింది.

ఈసారి గంతులు లేవు. రెండు రోజులు పట్టింది. కెంకే ఆకు విప్పకుండానే చల్లారింది. చివరికి దొరికింది. వెనక్కి తిరిగేటప్పుడు వేడి కొలిచేది బల్లను తనే చేత్తో తీసేస్తోంది. గంటను మాత్రం ‘నేను వెళ్ళాక నువ్వే విప్పు’ అని కెర్నల్‌కు వదిలేసింది. కెర్నల్ మాట తప్పదు, వెళ్ళాకే విప్పుతుంది. ఆ మధ్యలో బల్ల లేదు, గంట ఉంది. ఎప్పుడో ఒకసారి సరిగ్గా ఆ సందులోనే మోగుతుంది.

ఎఫిబాకు ఇది వెంటనే అర్థమైంది. "శనివారం శనివారం జరిగే చావు తంతుల దగ్గర అద్దె కుర్చీలవాళ్ళు చేసేదే. జనం ఇంకా కూర్చునే ఉంటారు, కుర్చీ కిందనుంచి లాగేస్తారు. పోయినేడు మా వదిన నడుము విరిగింది."

అరబా రెండింటినీ కెర్నల్‌కే అప్పగించింది. బల్ల ముందు ఇచ్చింది, గంట తరవాత ఇచ్చింది. తీసుకున్న వరుసకు ఎదురు వరుసలో విప్పడం దాని అలవాటు. గంట ముందు పోతుంది, బల్ల చివర పోతుంది.

రాసినదాన్ని ఎప్పటిలా, తనలాంటి పనే చేసే, ముఖం తెలియని మనుషులకు పంపింది. వాళ్ళు ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో. మెచ్చుకోవడం వాళ్ళకు చేతకాదు, తప్పు పట్టడం మాత్రం బాగా వచ్చు. మర్నాటికి ఒకాయన ఒకే వాక్యం రాశాడు: ‘వరుస సరిగ్గా ఉన్నాక ఆ ఐదు సెకండ్లు ఇంకా ఎవరికోసం?’ తీసేయడం మరిచేపోయింది. చెంప మీద కొట్టినట్టయి, ఆ వరుస తుడిచేసింది.

తరవాత లెక్కపెట్టి మూడొందలసార్లు లాగింది. ఒకసారి చటుక్కున, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి లేస్తుండగానే. క్వామెనా ఫోనులో నవ్వాడు.

"మూడొందలా? పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టింది. నువ్వు చెప్పిన ఐదు సెకండ్లు తీసేశాను, ఏమీ అనుకోకు."

"నలభై బేసిన్లు నా ఖాతాలో వేస్తావా ఏమిటి?"

"లేదు. నువ్వు చెప్పావు, రాసింది నేను."

చెప్పిన మంగళవారం వచ్చింది. మంగళవారం సముద్రానికి సెలవు, ఎవరూ వేటకు పోరు కనక, రేవంతా కోల్డురూము ముందే ఉంది. మగవాళ్ళు వలలు అల్లుతూ చెవులిటు పెట్టారు. నానా క్వాన్సిమా పీట మీద కూర్చుంది, చుట్టూ సంఘం ఆడవాళ్ళు. అరబా పెట్టె గోడకు బిగించింది. కంప్రెసరు తీగ మాత్రం విప్పి పక్కన పెట్టింది. మాటిమాటికీ లేపితే కంప్రెసరు గుండె ఆగుతుంది.

"పచ్చదీపం వెలిగితే పెట్టె లేచినట్టు. మీరే ఆర్పండి నానా. మీ ఇష్టం వచ్చినట్టు ఆర్పండి."

నానా లేచి పెద్ద స్విచ్చి పట్టుకుంది. ఇరవయ్యేళ్ళుగా రేవులో బేరాలు తేల్చిన చెయ్యి అది, జాలి చూపిస్తుందా? టక్కున దించి టక్కున ఎత్తింది. పచ్చదీపం. మళ్ళీ దించింది, లేస్తుండగానే ఇంకోసారి దించింది. పచ్చదీపం. "నన్నొకసారి పట్టనీ," అంటూ ఒకరి తరవాత ఒకరు వచ్చారు. కోడలు నయమన్నావిడ అయితే, చెయ్యి నొప్పి పుట్టేదాకా వదల్లేదు.

"లేస్తోందే దిక్కుమాలింది," అంది చివరకు, ఓడిపోయినట్టు.

అరబా కంప్రెసరు తీగ కలిపింది. కాసేపటికి అది గుర్రుమని అందుకుంది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టబోతే నానా క్వాన్సిమా చెయ్యెత్తి ఆపింది. అరబాకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"పెట్టె ఉంచాలా వద్దా అని తేల్చేముందు నాకొకటి తెలియాలి. ఊరు నాలుగు రకాలుగా చెబుతోంది. నేను ఊరిని అడగను, నిన్ను అడుగుతాను. ఆ నలభై బేసిన్ల చేపను కరెంటు కుళ్ళబెట్టిందా, నువ్వా?"

"కరెంటే నానా! అందరికీ తెలిసిందేగా," అని వెనకనుంచి ఎఫిబా అరిచింది.

"నిన్నడగలేదు ఎఫిబా."

అరబా ఎఫిబా వైపు చూడలేదు.

"నేనే నానా. మొదట వరుస తప్పు రాశాను. అది ఎందుకు లేవలేదో తెలుసుకోకుండానే, ఇంక లేస్తుందని మీతో చెప్పాను. చేప కుళ్ళింది ఆ మాటవల్ల. ఇప్పుడు ఎందుకో తెలుసు, కనక చెబుతున్నాను: రేపు పడవలు రాగానే లోపల పెట్టండి. మొదటి బేసిను నేను మోస్తాను."